ఆదోని కచేరీ నుంచి బళ్ళారి రంగస్థలం దాకా

పోయిన శ్రావణంలో తీజ్ పండుగకి తండాకి వెళ్ళినప్పుడు ఒక పిల్లవాడు నన్ను పక్కకి పిలిచాడు. గ్రామ సచివాలయంలో వాడికి ఉద్యోగం వచ్చి మూడేళ్ళయింది. మంచి గొంతు. తండా తండా తిరిగి ముసలివాళ్ళ దగ్గర మన గోర్ బోలీ పాటలు రికార్డు చేయాలి, ఒక పాటల బృందం కట్టాలి, అదే బతుకు కావాలి అని వాడి కోరిక. "కాకా, ఉద్యోగానికి రాజీనామా ఇద్దామనుకుంటున్నా. యాడికి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

వాడి యాడిని నేను ఎరుగుదును. ఏడాదికి నాలుగైదు నెలలు ఇంటికి తాళం పెట్టి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయిన మనిషి. కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఏడు ఆమె సుగ్గి మానింది. ఆ రాజీనామా కాగితం మీద సంతకం వాడిదే అయినా, బరువు మాత్రం ఆమెది కూడా. అందుకే ఆ రాత్రి వాడికి "సరే" అనలేకపోయాను, "వద్దు" అనీ అనలేకపోయాను. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాబట్టి, మన ఆదోనిలోనే జరిగిన ఒక పాత సంగతి గుర్తొచ్చింది. వాడికి బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి వాళ్ళు మన తండాల్లో ఇంకా ఉన్నారు కాబట్టి ఇది మీ అందరికీ.

ఆదోని కచేరీలో కాపీయిస్టు

ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. అంతకు ముందు మన ప్రాంతం వాళ్ళకి చదువుకైనా, కోర్టుకైనా, నాటకానికైనా బళ్ళారే పెద్ద ఊరు.

ఆ రోజుల్లో ఆదోని తాలూకా కచేరీలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు అనే యువకుడు కాపీయిస్టుగా కొంతకాలం పనిచేశారు. పుట్టింది 1853లో. ఎఫ్.ఏ. దాకా చదువుకున్నారు. కాపీయిస్టు అంటే నకళ్ళు రాసే గుమాస్తా. టైపు మిషన్లు లేని కాలం. ఏ కాగితానికి నకలు కావాలన్నా చేత్తో రాయాల్సిందే. జీతం చిన్నదే అయినా సర్కారు కొలువు, నెలనెలా వచ్చే డబ్బు. ఆ కాలంలో అంతకంటే భద్రమైన బతుకు ఇంకొకటి లేదు.

ఆయన ఆ పని వదిలేశారు. అయితే కచేరీ మెట్లు దిగి నేరుగా నాటకాల వేదిక ఎక్కలేదు. బళ్ళారి వెళ్ళి, కంటోన్మెంటు మేజిస్ట్రేటు కోర్టులో వకీలుగా పని మొదలుపెట్టారు. అన్నం పెట్టేది ఆ పని. నాటకం దాని పక్కన పెరిగింది. మన పిల్లలు ఈ కథలో గమనించాల్సిన మొదటి సంగతి ఇదే. ఆయన బతుకుతెరువు మార్చుకున్నారు గానీ, బతుకుతెరువే లేకుండా చేసుకోలేదు. వకీలు పనిలో పొద్దు కొంత తన చేతిలో ఉంటుంది. సాయంత్రం సాధనకి, రాత్రి రచనకి చోటు ఉంటుంది. నకళ్ళు రాసే చేతికి సొంత మాటలు రాసుకునే తీరిక దొరికింది.

సరస వినోదిని

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు తెలుగు జిల్లాల్లో తిరిగి నాటకాలు ఆడారు. తెరలు, రంగులు, పాటలతో అలాంటి ప్రదర్శన అప్పటికి మనవాళ్ళకి కొత్త. మన భాషలో ఇలాంటివి ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన చాలామందికి కలిగింది. బళ్ళారిలో ఆచార్యుల వారు సరస వినోదిని సభ అనే నాటక సమాజం పెట్టారు. 1887లో ఆ సభ ఆయన రాసిన చిత్రనళీయం నాటకాన్ని ఆడింది. నలుడి కథ అది. అందులో బాహుకుడి వేషం ఆయనదే.

ఆ తరువాత ఆయన 30 దాకా నాటకాలు రాశారు. సంస్కృత పద్ధతిలోని నాందీ ప్రస్తావనలు తగ్గించి, కథలోకి త్వరగా దిగేవారు. పద్యాలనీ పాటలనీ రాగాలు కట్టి పాత్రల చేత పాడించారు. కథ ఏదైనా చివరికి మంగళంగా ముగియాలన్న కట్టుబాటు ఉండేది. దాన్ని దాటి విషాద సారంగధర రాసి, చావుతో ముగించారు. అందులో కొడుకుకు శిక్ష వేసి తరువాత కుమిలిపోయే రాజరాజు వేషం తనే వేశారు.

1891లో సరస వినోదిని సభ మద్రాసు వెళ్ళి నాటకాలాడింది. చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడు ఉన్నాడు. చదువుకున్నవాళ్ళు వేషం కట్టడం తక్కువతనం అనుకునే రోజులవి. బళ్ళారి వకీళ్ళు, ఉద్యోగులు వేదికెక్కడం చూసి ఆయన మనసు మారింది. అదే ఏడాది మద్రాసులో సుగుణ విలాస సభ పుట్టింది. ఆధునిక తమిళ నాటకానికి ఆయనే ఆద్యుడయ్యారు. ఆయన కూడా న్యాయవాదిగా, న్యాయమూర్తిగా పనిచేస్తూనే నాటకాలు రాశారు.

ఆచార్యుల వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో పుట్టిన రాఘవ కూడా వకీలే. పేరున్న వకీలుగా సంపాదిస్తూ, నాటకానికి డబ్బు పుచ్చుకోకుండా నటించారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. మేనమామ కట్టిన సభ లేకపోతే ఆ మేనల్లుడికి తొలి మెట్టు దొరికేది కాదు.

తెలుగువాళ్ళు రామకృష్ణమాచార్యుల వారిని ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకున్నారు. 1912లో కన్నుమూశారు. ఈనాటికీ మన పల్లెల్లో హార్మోనియం పెట్టి, పద్యం ఎత్తి, రాగం సాగదీసి పాడుతుంటే జనం తెల్లవారేదాకా కూర్చుంటారు. ఆ పద్ధతికి దారి వేసినవాళ్ళలో మన ఆదోని కచేరీలో నకళ్ళు రాసిన ఆ గుమాస్తా ముందువరసలో ఉంటారు.

మన తాతల స్థిరమైన పని

"ఆయన బ్రాహ్మణుడు, సంస్కృతం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఒక పని పోతే ఇంకో పని దొరుకుతుంది. మనకి అలా కాదు కదా" అని మీరు అడగవచ్చు. ఆ మాట నిజం. మనలో చాలా ఇళ్ళలో ఉద్యోగం ఎక్కిన మొదటి మనిషి మన తరం వాడే. ఆ ఒక్క జీతం మీద అప్పు, చెల్లెలి పెళ్ళి, తమ్ముడి హాస్టల్ ఖర్చు అన్నీ ఆధారపడి ఉంటాయి. దాన్ని కాదనే వాళ్ళ మాట నమ్మకండి.

అయితే మన చరిత్రే ఇంకో పాఠం కూడా చెబుతుంది. మన తాతలకీ ఒకప్పుడు స్థిరమైన పని ఉండేది. దాని పేరు లదేణి. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని సముద్ర తీరం నుంచి దక్కను దాకా నడిచారు. 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం వెళ్ళినప్పుడు ఆ సైన్యం ఆకలి తీర్చింది బంజారాల ఎడ్ల మందలే. రాజులు మారినా, యుద్ధాలు జరిగినా లదేణి ఆగలేదు. వందల ఏళ్ళు నడిచిన పని అది. అంతకంటే పర్మినెంటు ఉద్యోగం ఉంటుందా?

1871లో మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు దారి పూర్తయింది. అక్కడ బొంబాయి నుంచి వచ్చే దారితో కలిసింది. ఎడ్లు వారాల తరబడి మోసే సరుకు గూడ్సు బండి ఒకటి రెండు రోజుల్లో చేర్చసాగింది. మన తాతల పని వాళ్ళు వదల్లేదు, పనే వాళ్ళని వదిలేసింది. సరిగ్గా అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. పని పోయి తిరుగుతున్న సంచార జాతుల మీద నేరముద్ర పడింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న.

ఆ రైలు దారే బళ్ళారి నాటకాల వాళ్ళకి మద్రాసును దగ్గర చేసింది. ఒకే రైలు ఒకరి బతుకు తీసుకుపోయింది, ఇంకొకరి కల మోసుకుపోయింది. తేడా ఎక్కడుంది? వాళ్ళకి చదువు ఉంది, చేతిలో రెండో పని ఉంది, వెనక ఒక సభ ఉంది. మన తాతలకి ఎడ్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు. కాబట్టి స్థిరం అన్నది ఉద్యోగం పేరులో లేదు. ఒకటి పోతే నిలబెట్టే రెండోది ఉండటంలో ఉంది.

ఎమ్మిగనూరు చెప్పే మాట

రెండోది ఎలా కూడుతుందో చూడటానికి ఆదోని పక్కనే ఉన్న ఎమ్మిగనూరు పోదాం. అది మగ్గాల ఊరు. ఒంటరి నేతగాడికి నూలు అప్పుగా ఇచ్చేది షావుకారే, బట్ట కొనేదీ అతనే. ధర చెప్పేదీ అతనే. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేతవాళ్ళ సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం మొదలుపెట్టారు. సంఘమే నూలు ఇస్తుంది, కూలి ఇస్తుంది, బట్ట అమ్ముతుంది. విడివిడిగా ఉన్న మగ్గాలకి ఒక నీడ దొరికింది. ఎమ్మిగనూరు దుప్పట్లకి పేరొచ్చింది. 1954లో సోమప్ప గారికి పద్మశ్రీ ఇచ్చారు.

బళ్ళారిలో సభ, ఎమ్మిగనూరులో సంఘం. రెండు చోట్లా కల ఒకరికి వచ్చి ఉండొచ్చు. దాన్ని మోసింది మాత్రం పదిమంది. నాటకానికి తెర కట్టేవాడు, హార్మోనియం పట్టేవాడు, టిక్కెట్టు అమ్మేవాడు, ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసేవాళ్ళు అందరూ కావాలి. రాజీనామా ఒక్కరు రాయవచ్చు, సభ ఒక్కరు కట్టలేరు.

ఆ పిల్లవాడికి జవాబు

అందుకని బేటా, నా మాట ఇది. ముందు యాడికి చెప్పు. ఆమెకు తెలియకుండా రాసిన రాజీనామా నీ పాటని కూడా దొంగ పాట చేస్తుంది. ఏడాది పాటు ఆదివారాలూ సెలవులూ పాటకివ్వు. పది తండాలు తిరుగు. కనీసం నలుగురిని కూడగట్టు. ఇంటి ఖర్చుకి ఒక ఏడాది సరిపడా డబ్బు పక్కన పెట్టు. చేతిలో ఇంకో పని నేర్చుకో. అప్పుడు కూడా ఉద్యోగం నీ పాటకి అడ్డు అనిపిస్తే, ధైర్యంగా వదులు. అప్పుడు నేను నీ వెంట ఉంటాను, యాడికి నచ్చజెప్పడానికి కూడా వస్తాను.

తొందర మరీ వద్దు గానీ ఆలస్యమూ వద్దు. గోర్ బోలీకి సొంత లిపి లేదు. మన పాటలు పుస్తకాల్లో లేవు, ముసలివాళ్ళ గొంతుల్లో ఉన్నాయి. ప్రతి ఏడూ కొన్ని గొంతులు ఆగిపోతున్నాయి. నీ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. పోయిన పాటకి నకలు రాసి ఇచ్చే కచేరీ లేదు.

చివరిగా ఒక మాట మన సంఘం పెద్దలకి. ఈ పిల్లలకి సన్మానాలూ శాలువాలూ తరువాత చూద్దాం. ముందు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో సాధన చేసుకోవడానికి ఒక గది, ఒక హార్మోనియం, ఒక మంచి రికార్డరు ఇద్దాం. కలగన్నవాడు ఉద్యోగం వదలాలా వద్దా అని వాణ్ణి అడిగే ముందు, వదిలితే వాడు వచ్చి నిలబడేందుకు మన దగ్గర ఒక సభ ఉందా అని మనల్ని మనం అడుగుదాం.