పొత్తిగుడ్డ నుంచి డైపర్ దాకా: చంటిబిడ్డ ఒరుపు కథ

మన నేత చరిత్ర రాసేటప్పుడు సోలాపూర్ చద్దరు గురించి రాస్తాం, బరంపురం పట్టు గురించి రాస్తాం. మనిషి ఒంటిని మొట్టమొదట తాకే గుడ్డ గురించి మాత్రం ఎవరం రాయం. అది పొత్తిగుడ్డ. అమ్మకానికి నేసింది కాదు. వాడి వాడి మెత్తబడ్డ చీరనో పంచెనో చింపి, మడతపెట్టి దాచుకున్నది.

నేసేవాళ్ళ ఇంట్లో కూడా బిడ్డకి పాతగుడ్డే ఎందుకు? జవాబు మగ్గం దగ్గరే ఉంది. పడుగు తెగకుండా నూలుకి గంజి పెడతాం. గంజితో నూలు బిరుసెక్కుతుంది, తడిని తొందరగా పీల్చదు. పైగా పత్తికి పుట్టుకతోనే సన్నటి మైనం పూత ఉంటుంది. ఎన్నో ఉతుకులు పడి గంజీ మైనమూ పోయాకే గుడ్డ నీళ్ళు తాగుతుంది, చర్మాన్ని ఒరుసుకోదు. మన ముసలమ్మలు ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, చేతులతో తెలుసుకున్నారు.

రంగు సంగతీ అంతే. 1886లో ఇంగ్లాండులో రేనర్ అనే డాక్టరు ఒక సంగతి బయటపెట్టాడు. ఆసుపత్రి గుడ్డల మీద అనిలిన్ రంగుతో కొత్తగా వేసిన ముద్రలు తడికి కరిగి, పసిపిల్లల చర్మంలోంచి లోపలికి వెళ్ళి, ఒళ్ళు నీలంగా మారేలా చేశాయి. అద్దకం, ముద్ర, రంగు మన వృత్తిలో భాగమే. కాబట్టి రంగు వదిలే గుడ్డ, ముద్ర ఆరని గుడ్డ చంటిబిడ్డకి పనికిరాదన్నది మనకి ఇంకా బాగా తెలిసి ఉండాలి.

ఇక ఒరుపు. పిర్రలు, గజ్జలు ఎర్రగా కంది, బిడ్డ ఉచ్చ పోసినప్పుడల్లా కెవ్వుమంటుంది. డాక్టర్లు డైపర్ ర్యాష్ అంటారు. దీనికి కారణం వెతకడానికే చాలా ఏళ్ళు పట్టింది. 1921లో అమెరికా డాక్టరు కుక్, మూత్రంలోంచి పుట్టే అమ్మోనియాదే తప్పన్నాడు. అర్ధ శతాబ్దం పైగా అందరూ అదే నమ్మారు. 1977లో లేడెన్ బృందం పరీక్షించి చూస్తే ఒరుపు ఉన్న పిల్లల్లోనూ లేని పిల్లల్లోనూ అమ్మోనియా ఇంచుమించు ఒకేలా ఉంది. 1986 నాటి పరిశోధనల్లో అసలు సంగతి తేలింది. తడికి చర్మం నాని మెత్తబడుతుంది, గుడ్డ రాపిడికి గీరుకుంటుంది. మూత్రమూ మలమూ కలిస్తే క్షారగుణం పెరిగి, మలంలో ఉండే అరిగించే రసాలు చర్మాన్నే తినడం మొదలుపెడతాయి. అంటే మూలం ఒక్కటే: తడి ఎంతసేపు ఉండిపోయిందన్నది.

ఆ ‘ఎంతసేపు’ దగ్గరే మన కథ మారింది. ఊళ్ళో గుంటమగ్గం పక్కనే ఉయ్యాల ఉండేది. కండెలు చుడుతూనే నాయనమ్మ గుడ్డ మార్చేది. 1870ల్లో సోలాపూర్‌లో మిల్లు వచ్చాక, కరువులకీ అప్పులకీ తెలంగాణ నుంచి వలస పోయిన మనవాళ్ళు ఇరుకు గదుల్లో సంసారాలు పెట్టారు. మగవాళ్ళు మిల్లుకి, పవర్‌లూమ్‌కి వెళ్ళారు. ఆడవాళ్ళు బీడీలు చుట్టారు. ఒళ్ళో చేట, పక్కన బిడ్డ. చేతి పని ఆగితే కూలి తగ్గుతుంది. గుడ్డ మార్చడం ఆలస్యమైందంటే తల్లి నిర్లక్ష్యం కాదు, కూలి లెక్క.

తర్వాత ప్లాస్టిక్ నిక్కర్లు వచ్చాయి. పక్క తడవకుండా కాపాడాయి గానీ, గాలాడక ఒరుపు పెంచాయి. 1961లో అమెరికాలో ప్యాంపర్స్ అమ్మకానికొచ్చింది. 1980ల్లో డైపర్ లోపల నీటిని జెల్లుగా పట్టి ఉంచే పొడి కలిపాక ఒరుపు తగ్గింది కూడా. అందుకే డైపర్‌ని తిట్టి లాభం లేదు. ఖరీదు చూసి, ‘ఇంకా నిండలేదులే’ అని పొద్దుటిది సాయంత్రం దాకా ఉంచడమే చిక్కు.

చరిత్ర నేర్పింది ఇంతే. ఇంట్లో ఉన్నప్పుడు మెత్తటి పాత నూలుగుడ్డ వాడండి, తడిసిన వెంటనే తీసెయ్యండి. టర్కీ టవలు గుడ్డ కూడా మంచిదే, దాని పోగుల ఉచ్చులు తడిని బాగా పడతాయి. ఉతికాక సబ్బు పోయేదాకా రెండుసార్లు జాడించండి, గంజి, నీలిమందు వద్దు, ఎండలో ఆరెయ్యండి. డైపరైతే మూడు నాలుగు గంటలకి మార్చండి, మలం అయితే వెంటనే. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్దండి, కాసేపు గుడ్డ లేకుండా గాలికి వదిలెయ్యండి. ఆపైన జింక్ ఆక్సైడ్ క్రీమో, వాజలీనో పల్చగా రాయండి. పౌడరు చల్లితే ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది మానెయ్యండి. మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల్లో చిన్న ఎర్రటి పొక్కులు లేచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు మీ అంతట మీరు రాయకండి.

ఇక మగవాళ్ళకి ఒక మాట. మగ్గం మీద పోగు తెగితే చూసినవాళ్ళే అతుకుతారు. బిడ్డ తడిస్తే కూడా చూసినవాళ్ళే గుడ్డ మార్చాలి. అమ్మ చేతిలో బీడీ ఆకో, కండో ఉంటే నాన్న చెయ్యి అక్కడికి పోవాలి.