ఇస్తాంబుల్

ఇస్తాంబుల్ టర్కీ దేశంలో అతి పెద్ద నగరం. నల్ల సముద్రాన్ని మర్మరా సముద్రంతో కలిపే బోస్ఫరస్ జలసంధికి ఇరువైపులా ఈ నగరం విస్తరించి ఉంది. జలసంధి పడమటి ఒడ్డు ఐరోపా ఖండానికి, తూర్పు ఒడ్డు ఆసియా ఖండానికి చెందుతాయి. పూర్వం బైజాంటియం, తరువాత కాన్‌స్టాంటినోపుల్ అనే పేర్లతో ప్రసిద్ధి చెందిన ఈ నగరం తూర్పు రోమన్ సామ్రాజ్యానికీ, ఆపై ఒట్టోమన్ సామ్రాజ్యానికీ రాజధానిగా ఉండేది. 1923లో రాజధాని అంకారాకు మారినప్పటికీ దేశపు వాణిజ్యానికి, సంస్కృతికి ఇస్తాంబులే కేంద్రం. నగర జనాభా కోటిన్నరకు పైమాటే. వీరిలో మూడవ వంతుకు పైగా ఆసియా వైపు నివసిస్తున్నారు. నగరంలోని చారిత్రక ప్రాంతాలను యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

బోస్ఫరస్ జలసంధి

ఈ నగరం పుట్టుకకు, సంపదకు, దానికోసం జరిగిన యుద్ధాలకు మూలకారణం బోస్ఫరస్. దీని పొడవు సుమారు 31 కిలోమీటర్లు. అతి ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లు మాత్రమే. ఉపరితలంపై నీరు నల్ల సముద్రం నుండి మర్మరా వైపు ప్రవహిస్తుండగా, అడుగున మరింత ఉప్పగా, బరువుగా ఉండే నీరు దానికి ఎదురుగా ప్రవహిస్తుంది. నల్ల సముద్రంలోని ఓడలు బయటి సముద్రాలకు పోవాలంటే ఇదొక్కటే సహజమైన దారి. ఓడల రాకపోకలను 1936 నాటి మాంట్రూ ఒప్పందం నియంత్రిస్తున్నది.

క్రీ.పూ. 7వ శతాబ్దంలో గ్రీకు వలసదారులు మొదట ఆసియా ఒడ్డున చాల్సిడాన్ అనే ఊరు కట్టుకున్నారు. కొంతకాలానికి ఎదుటి ఒడ్డున బైజాంటియం వెలసింది. అంతకంటే మంచి రేవు, రక్షణకు అనువైన స్థలం కళ్ళెదుటే ఉండగా దానిని వదులుకున్న చాల్సిడాన్ వాసులు గుడ్డివారై ఉంటారని ఒక పారశీక సేనాని అన్నట్లు హెరొడోటస్ వ్రాశాడు. ఆ "గుడ్డివారి ఊరే" నేటి కడికోయ్. ఇప్పుడది సందడిగా ఉండే పెద్ద అంగడి ప్రాంతం.

చరిత్ర

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ క్రీ.శ. 330లో బైజాంటియాన్ని తన కొత్త రాజధానిగా ప్రతిష్ఠించాడు. 5వ శతాబ్దంలో నిర్మించిన థియొడోసియస్ కోటగోడలు భూమార్గాన వచ్చిన శత్రువులను వెయ్యేళ్ళపాటు నిలువరించాయి. 1204లో నాలుగవ క్రూసేడు సైనికులు, అంటే తోటి క్రైస్తవులే, నగరాన్ని కొల్లగొట్టారు. ఆ దెబ్బ నుండి అది పూర్తిగా కోలుకోలేదు. 1453 మే 29న ఒట్టోమన్ సుల్తాను రెండవ మహమ్మద్ నగరాన్ని జయించాడు. గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు అడ్డంగా ఇనుప గొలుసు కట్టి ఉండడంతో, అతడు తన ఓడలను కొండ మీదుగా నేలపై లాగించి పాయలోకి దింపించాడు. "ఇస్తాంబుల్" అన్న పేరు "నగరానికి" అని అర్థమిచ్చే గ్రీకు పదబంధం నుండి వచ్చిందని భావిస్తారు. జనం నోట ఎంతో కాలంగా ఉన్న ఈ పేరును 1930లో ప్రభుత్వం ఇతర దేశాలు కూడా వాడాలని కోరింది.

హాగియా సోఫియా

నగరానికి వచ్చే ప్రతి పర్యాటకుడూ చూసే కట్టడం ఇది. 532లో జరిగిన అల్లర్లలో పాత చర్చి తగలబడిపోగా, జస్టీనియన్ చక్రవర్తి ఆంథెమియస్, ఇసిడోర్ అనే నిపుణుల చేత దీనిని ఐదేళ్ళలో, అనగా 537 నాటికి, పూర్తి చేయించాడు. గుమ్మటం వ్యాసం సుమారు 31 మీటర్లు. అడుగున వరుసగా 40 కిటికీలు ఉండడం వలన అంతటి గుమ్మటమూ వెలుగుపై తేలుతున్నట్లు కనిపిస్తుంది. 558లో అది కొంత కూలిపోగా మరింత ఎత్తుగా తిరిగి కట్టారు. 1453లో చర్చి మసీదుగా మారింది. 16వ శతాబ్దంలో ప్రసిద్ధ వాస్తుశిల్పి సినాన్ దానిని బలపరచాడు. అతని చేయి పడకపోతే కట్టడం నేటికి నిలిచేదో లేదో చెప్పలేము.

టర్కీ గణతంత్ర ప్రభుత్వం 1935లో దీనిని మ్యూజియంగా తెరిచింది. సున్నం పూత కింద దాగిన క్రైస్తవ మొజాయిక్ చిత్రాలను ఆ కాలంలోనే వెలికితీశారు. 2020 జూలైలో న్యాయస్థానం నాటి మ్యూజియం నిర్ణయాన్ని రద్దు చేయడంతో ఇది తిరిగి మసీదు అయింది. దీనిపై యునెస్కో విచారం వ్యక్తపరచింది. దేశంలో మాత్రం ఎందరో ఈ నిర్ణయాన్ని స్వాగతించారు. 2024 జనవరి నుండి విదేశీ పర్యాటకులు రుసుము చెల్లించి పై అంతస్తు వసారాల వరకే వెళ్ళగలుగుతున్నారు. గుమ్మటానికి సరిగ్గా కింద నిలబడి తలెత్తి చూసే అవకాశం వారికి పోయింది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న నష్టం కాదు. అయితే క్రీస్తు, మరియ, యోహానులను చూపే గొప్ప మొజాయిక్, హాల్ఫ్‌డాన్ అనే ఉత్తర ఐరోపా సైనికుడు పాలరాతిపై గీకిన తన పేరు ఈ పై అంతస్తులోనే ఉన్నాయి.

ఇతర దర్శనీయ స్థలాలు

హాగియా సోఫియాకు ఎదురుగా ఆరు మినార్ల సుల్తాన్ అహ్మద్ మసీదు, దగ్గరలోనే 336 స్తంభాలతో నేల కింద నిర్మించిన జలాశయం, సుల్తానుల నివాసమైన తోప్‌కాపి భవనం ఉన్నాయి. 1557లో పూర్తయిన సులేమానియా మసీదు సినాన్ ప్రతిభకు నిదర్శనం. పర్యాటకుల రద్దీ అక్కడ కొంత తక్కువ. గ్రాండ్ బజారులో వేల దుకాణాలున్నాయి. బేరమాడటం అక్కడి ఆచారం.

ఒక ఖండం నుండి మరొకదానికి

చాలామంది పర్యాటకులు ఐరోపా వైపే తిరిగి వెళ్ళిపోతారు. కానీ ఈ నగరాన్ని అర్థం చేసుకోవాలంటే జలసంధి దాటవలసిందే. ఇప్పుడు మూడు వంతెనలు (1973, 1988, 2016), సముద్రం కింద మర్మరాయ్ రైలు సొరంగం (2013), వాహనాల సొరంగం (2016) ఉన్నాయి. మర్మరాయ్ కోసం యెనికాపి వద్ద తవ్వినపుడు బైజాంటైన్ కాలపు రేవు, 37 ఓడల శిథిలాలు, వాటికి దిగువన సుమారు 8,000 ఏళ్ళ నాటి జనావాసపు ఆనవాళ్ళు బయటపడ్డాయి. దీనివలన పని కొన్నేళ్ళు ఆలస్యమైంది.

రైలులో నాలుగు నిమిషాలలో ఖండం మారిపోతుంది గాని కనిపించేది ఏమీ ఉండదు. ఎమినోను రేవు నుండి కడికోయ్‌కి గాని ఉస్కుదార్‌కు గాని ఫెర్రీలో వెళ్ళడమే మేలు. ఇరవై నిమిషాల ప్రయాణంలో వెనుక గుమ్మటాలు, మినార్లు, ముందు 20వ శతాబ్దారంభంలో జర్మన్లు నిర్మించిన హైదర్‌పాషా రైల్వేస్టేషన్ కనిపిస్తాయి. స్థానికులకు మాత్రం ఇది రోజూ పనికి వెళ్ళే దారి. చిన్న గాజు గ్లాసులో టీ తాగుతూ, నువ్వులద్దిన సిమిట్ రొట్టె ముక్కలను సముద్రపు కొంగలకు విసురుతూ ఉంటారు.

హైదరాబాదుతో సంబంధం

1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసి, చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను దోల్మాబాహ్చె భవనం నుండి ప్రవాసానికి పంపింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకు భరణం ఏర్పాటు చేశాడు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్వార్‌కు నిజాం పెద్ద కుమారుడు ఆజం జాతోనూ, ఆమె బంధువు నీలోఫర్‌కు రెండవ కుమారుడు మొఅజ్జం జాతోనూ వివాహాలు జరిగాయి. ఇద్దరూ ఇస్తాంబుల్‌లో జన్మించినవారే. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి, దుర్రె షెహ్వార్ ఆసుపత్రి వారి పేర్లతో ఏర్పడినవే.

భూకంపాల ముప్పు

నగరానికి దక్షిణాన మర్మరా సముద్రం కింద ఉత్తర అనటోలియా భ్రంశరేఖ ఉంది. 1999 ఆగస్టులో ఇజ్మిత్ వద్ద వచ్చిన భూకంపంలో 17 వేలమందికి పైగా మరణించారు. 2025 ఏప్రిల్ 23న 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపం నగరాన్ని వణికించింది. హాగియా సోఫియా గుమ్మటాన్ని బలపరిచే పనులు కూడా 2025లో మొదలయ్యాయి. కాబట్టి కొన్ని భాగాలు పరంజాల వెనుక ఉండవచ్చు.

పర్యాటకులకు సూచనలు

ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలమైనవి. ఐరోపా వైపు ఇస్తాంబుల్ విమానాశ్రయం, ఆసియా వైపు సబీహా గొక్చెన్ విమానాశ్రయం ఉన్నాయి. రెండింటికీ మధ్య దూరం చాలా ఎక్కువ కనుక టికెట్టుపై పేరు సరిచూసుకోవాలి. ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డుతో మెట్రో, ట్రాము, బస్సు, ఫెర్రీలలో ప్రయాణించవచ్చు. మసీదులలో పాదరక్షలు విడవాలి, స్త్రీలు తల కప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నపు ప్రార్థన వేళ సందర్శకులను అనుమతించరు. తోప్‌కాపి భవనానికి మంగళవారం, దోల్మాబాహ్చెకు సోమవారం, గ్రాండ్ బజారుకు ఆదివారం సెలవు.