నూరువరహాల చెట్టు

కాఫీచెట్టు నెఱుగని తోటపనివారు లేరు. వేసవివాన పడిన కొన్ని దినములకు కొమ్మలనిండ తెల్లని పూలు పూచి తోటయంతయు పరిమళించుట వారు ఏటేట చూచునదే. ఆ చెట్టునకు చుట్టములు పెక్కు కలవు. చలిజ్వరమునకు మందగు క్వినైనా నిచ్చు సింకోనాచెట్టు ఒకటి. పూర్వము కోరమాండలు తీరమున బట్టలకు ఎఱ్ఱరంగు వేయుటకై త్రవ్వి తెచ్చిన చిరివేరు మఱియొకటి. ఇండ్లముందర గుత్తులుగా పూచు నూరువరహాల చెట్టు ఇంకొకటి. మొదటి రెండును వర్తకులకు ధనము తెచ్చినవి. మూడవదానికి పేరులో మాత్రమే ధనము కలదు.

వరహా యనునది పూర్వకాలపు బంగారునాణెము. ఒక్కొక్క గుత్తిలో పదులకొలది చిన్నపూలు నాణెములవలె దగ్గరగా చేరియుండును. పూవునకు రేకులు నాలుగు. కాడ సన్నమై పొడవుగా నుండును. దాని యడుగుననుండు తేనెకై సీతాకోకచిలుకలు వచ్చును.

దక్షిణ హిందూదేశమును సింహళమును దీనికి పుట్టినిండ్లు. మలబారు మొక్కలనుగూర్చి డచ్చి అధికారి వాన్ రీడ్ సిద్ధపఱచిన గ్రంథము 1678 మొదలు 1693 వఱకు 12 సంపుటములుగా అచ్చయ్యెను. 1753లో స్వీడను దేశపు లిన్నేయస్ ఈ మొక్కకు ‘ఇక్సోరా కాక్సీనియా’ అని పేరిడెను. ‘ఇక్సోరా’ యనునది మన ‘ఈశ్వర’ శబ్దమే. పరదేశీయుల నోట అట్లు మాఱినది. తెలుగుదేశమున విలియం రాక్స్‌బర్గ్ 1781 మొదలు సామర్లకోటలో నుండి, మొక్కలను పరీక్షించి, వాని తెలుగుపేళ్లనుగూడ వ్రాసిపెట్టెను. 1793లో ఆయన కలకత్తా తోటకు పోయెను.

ఆ సామర్లకోటకు సమీపముననే పూర్వము కోరంగి రేవు ఉండెను. అచ్చటినుండి ఓడలు బర్మాకు పోవుచుండుటచే రంగూనులో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. తరువాత కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణములనుండియు జనులు పోయిరి. రంగూను నడుమనున్న పబేడాన్ పేట హిందూదేశమువారికి ముఖ్యస్థానమయ్యెను. కమ్మరుల వీధి యని ఆ పేరునకు అర్థము. అచ్చట కొంజెడాన్ వీధిలో 1871లో తమిళులు కట్టిన కాళికాలయము నేటికిని నిలిచియున్నది. కాళికి ఎఱ్ఱని పూలు సమర్పించుట హిందువుల ఆచారము గనుక ఇట్టి పూల యవసరము సముద్రము దాటినను తప్పలేదు. ఏటికి సుమారు 100 అంగుళముల వాన కురియు ఆ నేల ఈ మొక్కకు మిక్కిలి అనుకూలమైనది.

‘రంగము పోయినచో వరహాలు మూటగట్టుకొని రావచ్చు’నని కూలీలు తలంచిరి. కాని మేస్త్రీయొద్ద ముందుగా తీసికొన్న సొమ్మే వారికి సంకెల యయ్యెను. బియ్యపుమిల్లులలోను రేవులోను మూటలు మోసిన కూలిలో కొంత ఆ అప్పునకే పోయెను. 1930 మే నెలలో రేవుకూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. వారి స్థానమున బర్మావారిని పెట్టిరి. సమ్మె తీఱి పాతవారు పనిలోనికి రాగా, ఉభయులకు కలహము పుట్టి పెక్కుమంది చనిపోయిరి. ఇరువురును బీదవారే. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడెను. 1942లో లక్షలకొలది జనులు దేశమునకు మరలిరి. అడవులలోను కొండలలోను నడచుచు వేలమంది త్రోవలోనే మరణించిరి. వరహాలు మూటగట్టినవారు కొద్దిమందియే.

ఈ మొక్కయు దూరదేశములు చేరినది. 1873 మొదలు హిందూదేశపు కూలీలు చెఱకుతోటలకు పోయిన సూరినాము దేశమున దీనిని ‘ఫాయా లోబీ’, అనగా అగ్నివంటి ప్రేమ, యందురు. అది ఆ దేశమువారి జాతీయపుష్పము.

దీనిని పెంచుటకు ధనము అక్కఱలేదు. వానకాలమున జానెడులోపు కొమ్మను, మిక్కిలి లేతది గాక ముదురుది గాక, కోసి, క్రింది ఆకులు త్రుంచి, ఇసుక కలిసిన మట్టిలో నాటవలెను. వేరు పట్టువఱకు నీడయు తడియు ఉండవలెను. పిమ్మట మంచి యెండ కావలెను. కాఫీవలెనే ఇదియు పులుపునేలను కోరును. సున్నము రాలు గోడప్రక్క నాటినచో నేలలోని ఇనుమును గ్రహింపలేక ఆకులు పసుపువన్నె తిరుగును. అప్పుడు గోడకు దూరముగా మార్చి ఆకుల ఎరువు వేయవలెను. పూలు కొమ్మల చివరలనే పూయును గనుక పూత ముగిసిన వెంటనే కత్తిరించినచో క్రొత్తకొమ్మలు వచ్చి మరల పూయును.

కోసి నాటిన కొమ్మ మొదటి దినములలో వాడినట్లే యుండును. దానిని పెఱికి చూచువాడు దానిని చంపును. నీడనిచ్చి ఓర్చువాని యింట అది పూచును. క్రొత్తనేలకు వచ్చిన కుటుంబములకును ఇదియే న్యాయము.