అడవిని నరికింది ఎవరు?

చందాపుర కూడలి నుంచి పడమరగా వెళితే ఎంతో సేపు పట్టదు, బన్నేరుఘట్ట అడవి వస్తుంది. అది ఆకురాల్చే పొడి అడవి. వర్షారణ్యాలు నశించిపోతున్నాయంటే, ఎక్కడో అమెజాన్ సంగతి మనకెందుకని మీకు అనిపించవచ్చు. కానీ బెంగుళూరు నగరం 1974 నుంచి తాగుతున్న కావేరి పుట్టింది కొడగులో, పడమటి కనుమల పచ్చటి అడవుల్లో.

అక్కడ కుండపోతగా కురిసే వానను ముందు ఆకులు ఆపుతాయి. నేలమీది ఆకుల పొర దాన్ని పీల్చుకుంటుంది. వేళ్ళ వెంట లోపలికి దిగిన నీరు ఎండాకాలంలో ఊటలై బయటికి వస్తుంది. చెట్లు పోతే ఆ వానే మట్టిని కోసుకుపోతుంది. ఒక కాలంలో వరద, మరో కాలంలో కటకట.

ఇది నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. మైసూరు సంస్థానంలో వైద్యుడిగా పనిచేసిన హ్యూ క్లెగార్న్, 1851లోనే భారతదేశపు ఉష్ణమండల అడవుల నాశనం గురించి బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రజ్ఞుల సభకు నివేదిక ఇచ్చాడు. 1856లో మద్రాసు రాజధానికి అడవుల అధికారి అయ్యాడు. సరిగ్గా ఆ ఏడే మద్రాసులో మొదటి రైలు కదిలింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరుకు పట్టాలు వచ్చాయి. మైలు పట్టాలకు వెయ్యికి పైగా కొయ్య స్లీపర్లు కావాలి. అవి కొన్నేళ్ళకే చివికిపోతే మళ్ళీ కొత్తవి వేయాలి. ఇంజన్లకూ కట్టెలే పొయ్యాలి.

మరి నింద ఎవరి మీద పడింది? కొండ వాలున పొద నరికి, కాల్చి, విత్తుకునే గిరిజనుల మీద! కన్నడ సీమలో దాన్ని కుమరి అంటారు, మన మన్యంలో పోడు. క్లెగార్న్ కూడా కుమరిని గట్టిగా వ్యతిరేకించినవాడే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత మన్యంలో ఆంక్షలు బిగిశాయి. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరగబడటానికి ఆ ఆంక్షలూ ఒక ముఖ్య కారణం.

అడవిలో బతికేవాణ్ణి బయట నిలబెడితే అడవికి కాపలా ఎవరు? కేరళలో సైలెంట్ వ్యాలీ దీనికి జవాబు చెప్పింది. కుంతి నది మీద ఆనకట్ట కడితే ఆ వర్షారణ్యం మునిగిపోతుందని ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు, కవులు ఊరూరా తిరిగి చెప్పారు. చివరికి ఆ పథకం ఆగింది. 1984లో అది జాతీయ ఉద్యానవనమైంది.

ఇక మన పొరుగు అడవికి వద్దాం. బన్నేరుఘట్ట చుట్టూ రక్షణ వలయం 2016 ముసాయిదాలో దాదాపు 269 చదరపు కిలోమీటర్లు. 2020 తుది ప్రకటనలో అది దాదాపు 169కి తగ్గింది. ఈసారి నరికింది పోడు గొడ్డలి అని ఎవరూ అనలేరు. నగరం పెరగక తప్పదు, నిజమే. అయితే ఎటు పెరగాలో అడిగే హక్కు, కావేరి నీళ్ళు తాగే ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ ప్రశ్న మీ ఊళ్ళో మీరే అడగాలి.