బానిస చేతిలో కలం

అమెరికా అనగానే ఈనాడు మన ఇళ్ళలో వీసా, ఉద్యోగం, డాలరు అనే మాటలే వినబడతాయి. మన పిల్లలు అక్కడికి వెళ్ళి పైకి వస్తున్నారు, సంతోషమే. అయితే వీళ్ళకంటే రెండు మూడు వందల ఏళ్ళ ముందే కలిమా చదివే మనుషులు ఆ గడ్డ మీద కాలు పెట్టారనీ, టిక్కెట్టు కొనుక్కుని కాక సంకెళ్ళతో వచ్చారనీ మనలో ఎందరికి తెలుసు? ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఇంగ్లీషు వాళ్ళ వలస అయిన వర్జీనియాకు 1619లో ఆఫ్రికా బందీలను తెచ్చి అమ్మారు. అది మొదలు ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేలకు ఆఫ్రికా నుంచి నేరుగా దించినవారు సుమారు 4 లక్షల మంది అని చరిత్రకారుల లెక్క. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అన్నది చట్టం. అందుకనే 1860 జనాభా లెక్కల నాటికి ఆ సంఖ్య 39 లక్షలు దాటింది. పశ్చిమ ఆఫ్రికాలో ఫూటా టోరో, ఫూటా జలోన్, బుండు అనే సీమలు ఇస్లామీ విద్యకు పేరుపడ్డవి. అక్కడివారు పట్టుబడినప్పుడు వాళ్ళతోపాటు ఖురానూ, అరబీ చదువూ సముద్రం దాటాయి.

బుండు సీమలోని ఇమాముల కుటుంబంలో పుట్టిన అయూబా సులేమాన్ డియాలో 1731లో మేరీలాండ్‌లో పొగాకు తోటకు అమ్ముడుపోయాడు. తండ్రికి అరబీలో ఒక ఉత్తరం రాశాడు. అది తండ్రికి చేరలేదు గాని లండన్‌లో ఒక పెద్దమనిషి చేతిలో పడి, దాని మూలంగానే విడుదల దొరికింది. 1734లో సొంత దేశం చేరుకున్నాడు. ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అతడు పట్టుబడింది తాను ఇద్దరు మనుషులను అమ్మడానికి బయలుదేరిన ప్రయాణంలోనే. మనవాడు గదా అని ఆ మాట దాచిపెడితే అది చరిత్ర అనిపించుకోదు.

ఫూటా జలోన్ రాజవంశీకుడు అబ్దుల్ రహమాన్ 1788లో మిసిసిపీలోని నాచెజ్‌కు అమ్ముడుపోయి, 40 ఏళ్ళు గొడ్డుచాకిరీ చేసి 1828లో విడుదలయ్యాడు. ఆఫ్రికా గడ్డ మీద లైబీరియా దాకా చేరాడు గాని, స్వగ్రామం చూడకుండానే 1829లో కన్నుమూశాడు.

వీరందరిలో మనం ఎక్కువగా తలచుకోవలసినవాడు ఉమర్ ఇబ్న్ సయీద్. ఫూటా టోరోలో 25 ఏళ్ళు చదువుకున్న పండితుడు. 1807లో యుద్ధంలో పట్టుబడి సౌత్ కరొలైనాలోని చార్లెస్టన్ బజారులో అమ్ముడుపోయాడు. కొన్నవాడు దైవభీతి లేని దుర్మార్గుడు. అతని దగ్గర్నుంచి పారిపోయి నార్త్ కరొలైనాలోని ఫయెట్‌విల్‌లో దొరికిపోతే జైల్లో పెట్టారు. ఆ జైలు గోడల మీద అతడు అరబీలో రాస్తూంటే, యీ బానిస ఎవరా అని చూడడానికి జనం పోగయ్యారట. చివరకు జేమ్స్ ఓవెన్ అనే అతను కొనుక్కున్నాడు.

1831లో, అంటే 60 ఏళ్ళు దాటిన వయసులో, ఉమర్ తన జీవితకథను అరబీలో రాశాడు. పట్టుమని 15 పేజీలు. మొదలుపెట్టింది సూరా అల్-ముల్క్‌తో. సర్వాధిపత్యం అల్లాహ్‌దేనని చాటే సూరా అది. ఒక మనిషికి ఇంకొక మనిషి యజమాని అని చెప్పుకునే చోట, ఆ సూరాతోనే ఎందుకు మొదలుపెట్టాడో వేరే చెప్పాలా? తన దేశంలో నమాజు, జకాత్ ఎలా పాటించేవాడో కూడా అందులో రాసుకున్నాడు. అతడు క్రైస్తవ చర్చిలో చేరినట్టు రికార్డు వుంది. మనసులో ఏమున్నదో అల్లాహ్‌కే తెలుసు. 1864లో, అమెరికా అంతటా బానిసత్వం రద్దు కావడానికి ఒక్క ఏడాది ముందు, బానిసగానే చనిపోయాడు. ఆ కాగితాలు 2017లో అమెరికా జాతీయ గ్రంథాలయానికి చేరాయి.

ఆ 15 పేజీల విలువ తెలియాలంటే ఆనాటి చట్టం తెలియాలి. అదే నార్త్ కరొలైనాలో 1830లో, బానిసలకు చదవడం రాయడం నేర్పితే శిక్ష అని శాసనం చేశారు. చదువుకున్నవాడు తిరగబడతాడని భయం. ఫ్రెడరిక్ డగ్లస్ కుర్రతనంలో యజమానురాలు అక్షరాలు నేర్పబోతే ఆమె భర్త అడ్డుపడ్డాడు. వీధిలో తెల్ల పిల్లలకు రొట్టెముక్క ఇచ్చి పాఠం చెప్పించుకున్న ఆ డగ్లస్ 1845లో అచ్చువేసిన ఆత్మకథ బానిసత్వానికి గట్టి దెబ్బ. అంతకుముందు 1773లో ఫిలిస్ వీట్లీ అనే బానిసపిల్ల కవితల పుస్తకానికి, ఇవి ఈమె రాసినవేనని 18 మంది బోస్టన్ పెద్దలు సంతకాలు పెట్టవలసి వచ్చింది. నల్లవాళ్ళు రాయగలరంటే నమ్మేవాడు లేడు!

ఇంకో విడ్డూరం వినండి. 1865లో బానిసత్వం పోయింది, 1870లో ఓటుహక్కు రాజ్యాంగంలోకి వచ్చింది. దానితో 1890 నుంచి దక్షిణ రాష్ట్రాలు చదువు పరీక్ష పెట్టి నల్లవాళ్ళ ఓటు తీసేశాయి. చదివితే శిక్ష అన్న రాష్ట్రాలే, చదువు రాదని ఓటు లేదన్నాయి. 1965 ఓటుహక్కు చట్టం దాకా యీ అన్యాయం సాగింది.

తెల్లవాళ్ళంతా దుష్టులేనని బోధించిన మాల్కం ఎక్స్ 1964లో హజ్ చేశాడు. తెల్లని చర్మంవాళ్ళు తనతో ఒకే పళ్ళెంలో తినడం చూసి ఆ మాట మార్చుకున్నాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో కాల్చి చంపారు. ఆయన ఆత్మకథను రాసిపెట్టిన అలెక్స్ హేలీయే, 1976లో గాంబియా ముస్లిం బాలుడి కథతో ‘రూట్స్’ రాశాడు. ఆ వంశవృక్షంపై చరిత్రకారులకు అనుమానాలున్నా, లక్షలమంది చేత యీ చరిత్రను తలుచుకునేట్టు చేసిన పుస్తకం అది.

ఇదంతా అమెరికా పాపం, మనకేమని అనుకుందామా? హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ పేటకు ఆ పేరు వచ్చింది నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్విక దళం వల్లనే. ఆ సిద్దీల సంతతి ఇంకా అక్కడ వున్నది. వాళ్ళను పక్కింటివాళ్ళుగా చూస్తున్నామా, వింతగా చూస్తున్నామా? హజ్రత్ బిలాల్ పేరు పిల్లలకు పెట్టుకుంటాం. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ‘పిల్ల రంగు తక్కువ’ అంటాం, ‘దూదేకులవాళ్ళు గదా’ అని పెదవి విరుస్తాం. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడి, గుమ్మం బయటకు రాగానే వరుసలు కడితే ఎలా?

మనకు దిగిన మొట్టమొదటి వహీ చదవమన్న ఆజ్ఞ. సంకెళ్ళలో వున్న ఉమర్ దాన్ని విడవలేదు. ఫీజు కట్టలేక బడి మానేస్తున్న పిల్లవాడో, పెళ్ళికని చదువు ఆపేస్తున్న అమ్మాయో మన వీధిలో వుంటే, వాళ్ళను తిరిగి బడికి పంపడమే మనం ఉమర్‌ను తలచుకున్నట్టు. ఆ తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.