చెరువు ఎంత దూరం?

శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాలు ఎగరడం మొదలయ్యాక పాలమూరు భూముల లెక్క మారిపోయింది. అంతకుముందు ఒక చెలక గురించి అడగాలంటే నేల ఎర్రదా నల్లదా, బాయిలో ఎండాకాలం నీళ్లుంటాయా, చెరువు కింద పారుతుందా అని అడిగేవారు. ఇప్పుడు మొదటి ప్రశ్న ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు పడుతుందని. శ్రీశైలం రోడ్డు మీద వెల్దండ, కల్వకుర్తి, బెంగళూరు హైవే మీద కొత్తకోట, పెబ్బేరు ఈ ప్రశ్న పరిధిలోకి వచ్చేశాయి. ఉద్యోగం కోసం తరచూ విమానమెక్కేవాళ్లకూ, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకూ పల్లెలాంటి చోట ఇల్లు కావాలి, ఫ్లైటు మాత్రం తప్పకూడదు. ఆ కోరికలో తప్పు లేదు. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చరిత్ర చూస్తే ఇక్కడ ఊరిని నిలబెట్టింది నీళ్లే. దారి ఉండి నీళ్లు లేని ఊళ్లు ఖాళీ అవుతూ వచ్చాయి.

దారికి ఈ సీమలో ఎన్నడూ కొదవ లేదు. హైదరాబాద్ నుంచి కర్నూలుకు పోయే బాట వనపర్తి సంస్థానం నేలను తాకుతూ కృష్ణ దాటేది. గద్వాల మీదుగా రైలు నిజాం కాలంలోనే నడిచింది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతాన్ని జనం నడిగడ్డ అంటారు. రెండు నదుల నడుమ ఉండి కూడా ఆ గడ్డ మీది చేలు చాలాకాలం వాన కోసమే మొగం వాచాయి. అందుకే ఆ దారులు మనుషుల్ని ఎక్కించుకొని పోవడానికే ఎక్కువ పనికొచ్చాయి. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆలుమగలు పిల్లల్ని చంకనేసుకొని, ముసలివాళ్లను ఇంటికాడ వదిలి కదిలిపోయేవారు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ అన్న మాట వినబడేది. పొరుగు సీమల పొలాలకు నీళ్లిచ్చే కట్టలను మోసిన చేతులు తమ చెలకకు తడి పెట్టలేకపోయాయి. ఈ సీమ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

నీళ్లు ఆగిన చోట కథ వేరు. వనపర్తి సంస్థానాధీశుడు రామేశ్వరరావు తన తల్లి పేరున 1949లో పునాది వేయించిన సరళాసాగర్ జలాశయం 1959కి పూర్తయింది. దాని సైఫన్లకు గేట్లెత్తే మనిషి అక్కర్లేదు. నీరు నిండుమట్టానికి చేరగానే లోపలి గాలి బయటికి తోసుకుపోతుంది, సైఫన్ తనంతట తనే లాగడం మొదలెడుతుంది, ధార ఒక్కపెట్టున దూకుతుంది. మట్టం దిగగానే మళ్లీ అదే ఆగిపోతుంది. ఇంత తెలివైన కట్టడానికి కూడా మట్టికట్టను కనిపెట్టుకొని ఉండే మనుషులు కావాలి. 2019 డిసెంబర్ 31న ఆ కట్టే తెగింది.

చిన్న చెరువుకు ఆ కాపలా ఎలా దొరికేది? తూము తీసి మూసే నీరటికి ఆయకట్టు రైతులే గింజలు కొలిచేవారు. వాన ముందు కట్టుకాల్వ పూడిక తీసేదీ, కట్ట మీద తుమ్మచెట్లు నరికేదీ వాళ్లే. పారే మడి ఉన్నంతకాలం చెరువుతో అవసరం ఉంటుంది, అవసరం ఉన్నంతకాలం చెరువు ఉంటుంది. ఆ మడి గుంటల లెక్కన, అంటే 121 గజాల ముక్కలుగా అమ్ముడైతే కట్టుకాల్వకు ప్రహరీ అడ్డం పడుతుంది, నీరటికి పని ఉండదు. ఇల్లు కొన్నవాళ్లకు బోరు ఉందిగా అనవచ్చు. ఈ రాతి నేలలో బోరులోకి ఊరేవాటిలో ఆ చెరువు నీళ్లూ ఉంటాయి.

ఒకప్పటి పల్లె స్వర్గమేమీ కాదని, వెట్టీ వెలివాడా అక్కడే ఉండేవని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. పట్నం దారి ఎందరికో విడుదల దారి. మూడెకరాల ఎండు చెలక మంచి ధరకు పోతే రైతును ఆపే హక్కు మనకెవరికీ లేదన్నదీ నిజమే. నా అభ్యంతరం ఆ అమ్మకం మీద కాదు, చెరువును లెక్కలోంచి తీసేసిన కొనుగోలు మీద. చట్టం చూసుకుంటుందన్న ధీమా కూడా చాలదు. శంషాబాద్ చుట్టుపక్కలే, హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ హద్దులను సడలించింది.

శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మూడు మెట్లెక్కి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు ఇప్పుడు నాగర్‌కర్నూల్ చెరువుల్లోకి దిగుతున్నాయి. అక్కడ ఇల్లు చూడబోయేవారు యాసంగిలో వెళ్లాలి. హైవే మలుపు దగ్గర టైము చూసుకున్నాక కారు దిగి కట్ట ఎక్కాలి. తూము కింద నాట్లు పడ్డాయా, కాల్వ గట్టు తాజాగా చెక్కి ఉందా, ఈ ఏడు అలుగు పారిందా అన్నది అక్కడ గొడ్లు కాస్తున్నవాళ్లను అడిగితే చెబుతారు.