గోడ మీద బొగ్గు: దాశరథి గారి జైలు పద్యం కథ

ఈరోజు ఎపిసోడ్ చిన్నదే, కానీ నాకు కొంచెం పర్సనల్.

మీలో చాలామందికి తెలుసు, నేను బీటెక్ అయ్యాక నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. పోయినేడాది ఒక సోమవారం పొద్దున పదిహేను నిమిషాల కాల్ వచ్చింది, జాబ్ పోయింది. ఆ తర్వాత మొదలైందే ఈ ఛానల్. మొదటి వీడియోకి వారం రోజుల్లో వచ్చిన వ్యూస్ నలభై ఒకటి. అందులో పదైనా మా అమ్మవే అయ్యుంటాయి. ఒకపక్క ఈఎంఐ, ఇంకోపక్క ఫ్రెండ్స్ జాబులు కూడా ఊగుతున్నాయి. నేనేమో అర్ధరాత్రి దాకా హిస్టరీ వీడియో ఎడిట్ చేస్తున్నా. "ఈ టైంలో ఇవన్నీ అవసరమారా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు, భయంతో. నా దగ్గర జవాబు లేదు.

ఆ నెలలోనే ఫ్రెండ్ పెళ్లికి నిజామాబాద్ వెళ్లాను. ఖాళీ దొరికితే ఖిల్లా ఎక్కాను. నిజాం కాలంలో అక్కడ జైలుండేది. దాశరథి కృష్ణమాచార్య గారిని బంధించింది అక్కడే.

టైం ఏంటో ఒకసారి చూద్దాం. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ సంస్థానానికి మాత్రం రాలేదు. నిజాం యూనియన్‌లో కలవనన్నాడు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఇంకోవైపు రైతుల సాయుధ పోరాటం నడుస్తోంది. రాయడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. ఆయన చేసిన నేరం, యూనియన్‌లో కలవాలని రాయడం.

అలాంటి రోజుల్లో దాశరథి గారు జైల్లో ఉన్నారు. వయసు 22, 23 ఉంటుంది. అంటే మనలో చాలామందికంటే చిన్నవాడు! జైల్లో కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోడానికిచ్చిన బొగ్గుతో గోడ మీద నిజాంని తిడుతూ పద్యం రాశారని చెప్తారు. తెలంగాణని వీణతో పోల్చిన ఆ పద్యం చివరి మాట మీకు తెలియకుండా ఉండదు. జైలు వాళ్లు చెరిపేశారు. ఆయన మళ్లీ రాశారు.

ఇక్కడిదాకా కథ చాలామందికి తెలుసు. నన్ను ఆపేసింది మాత్రం రెండో మనిషి.

అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు కూడా ఉన్నారు. పెద్ద చదువుల్లేవు. ఒకరింట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వర్‌గా చేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత 'ప్రజల మనిషి' నవల రాసిందీ ఆయనే.

గోడ మీది పద్యం చెరిగిపోతే, ఆళ్వారుస్వామి గారు దాన్ని నోటికి పట్టేశారని చెప్తారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ పద్యానికి బ్యాకప్ ఒక మనిషి బుర్ర. 1949లో దాశరథి గారి 'అగ్నిధార' అచ్చయినప్పుడు దాన్ని ఎవరికి అంకితమిచ్చారో తెలుసా? ఆళ్వారుస్వామి గారికే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. పద్యం రాస్తే నిజాం దిగిపోలేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాకే సంస్థానం యూనియన్‌లో కలిసింది. మరి ఆ పద్యం ఏం చేసింది? జైలు ఇద్దరు మనుషుల్ని ఖైదీ నంబర్లుగా మార్చాలని చూసింది. పద్యం వాళ్లని ఒక కవిగా, ఒక పాఠకుడిగా ఉంచింది. రేపు బతికుంటామో లేదో తెలియని చోట, ఇవాళ చెయ్యాల్సిన పని ఒకటి ఇచ్చింది. రాసేవాడికి రాయడం పని, వినేవాడికి గుర్తుపెట్టుకోవడం పని.

నేను వ్యూస్ లెక్కేసుకుంటూ కూర్చున్నా. ఆ పద్యానికి గోడ మీద ఉన్నప్పుడు ఎంతమంది ఆడియన్స్? ఒక్కరు చాలింది.

జాబ్ వదిలేసి వీడియోలు చెయ్యమని మాత్రం నేను చెప్పట్లేదు. ఆళ్వారుస్వామి గారు హోటల్లో ప్లేట్లు మోస్తూనే పుస్తకాల దగ్గరికి వచ్చారు. నేను కూడా ఇప్పుడు పగలు ఫ్రీలాన్స్ కోడింగ్ చేస్తున్నా, ఈఎంఐ కడుతున్నా, రాత్రి మీతో మాట్లాడుతున్నా. నాన్నకి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ మొన్న భోంచేస్తూ, "ఆ రెండో ఆయన పేరేంటన్నావ్?" అని అడిగాడు.

మీరు కూడా చెరిగిపోతుందని తెలిసీ ఏదైనా రాస్తున్నా, గీస్తున్నా, పాడుతున్నా కామెంట్లో చెప్పండి. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.